మూడో వంతు గీత మీద గండి

నీటిపారుదల శాఖలో ఫోటోకి ఉన్న విలువ మనిషి మాటకి లేదు. గట్టు తెగిందంటే ఫోటో కావాలి. తెగిన గట్టు పూడ్చామంటే ఇంకో ఫోటో కావాలి. తెగినచోట మోకాలి లోతు బురదలో నిలబడి ‘తెగిందండీ మొర్రో’ అని ఇంజనీరు ప్రమాణం చేసినా చెల్లదు. ఈ సంగతి కడలి మంగతాయారుకి ఉద్యోగంలో చేరిన కొత్తలోనే ఒంటబట్టింది. ఆవిడ అసిస్టెంట్ ఇంజనీరు, పొట్టిగా ఏఈ. గోదావరి డెల్టాలో అటూ ఇటూ వరిచేలకి నీళ్లు పంచుకుంటూ పోయి, సముద్రం దగ్గరపడేసరికి నీరసించిపోయే ఊటగరువు పిల్లకాలువ ఆవిడ ఏలుబడిలో ఉంది. ఆ గట్ల మీద తిరిగి తిరిగి ఆవిడ స్కూటీ ఏ రంగుదో అమ్మినవాడు కూడా చెప్పలేడు. ఫోటో విషయంలో ఆవిడది ఒకటే సూత్రం. చూపించవలసిన దాన్ని నడిమధ్యన పెట్టి నొక్కడం. ఇన్నేళ్లలో దానికెవరూ వంక పెట్టలేదు.

వంక పెట్టే రోజు ఒక కొండ మీంచి దిగి వచ్చింది. డివిజనుకి పెద్ద, ఈఈ అనబడే ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు భోగరాజు విరూపాక్షంగారు ఆ ఏడు ఎండలు ముదరకముందే సెలవు పెట్టి భార్యతో చల్లటి కొండ ఊరికి వెళ్లారు. వాళ్లు దిగిన విడిదిలోనే, ప్రకృతి దృశ్యాలను ఫోటో తియ్యడంలో ఓనమాలు నేర్పే తరగతి ఒకటి జరుగుతోంది. భార్య మిరియాలూ తేనే బేరమాడుతున్నంతసేపూ కాలక్షేపానికి ఆయన అందులో కూర్చున్నారు. లేచేసరికి మనిషే మారిపోయారు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడని సామెత. కొత్తగా కెమెరా పట్టినవాడు పొద్దు తప్ప మరేమీ ఎరగడు. ఉదయించే పొద్దు, అస్తమించే పొద్దు, ఈ రెంటి మధ్య ఉన్న కాలమంతా ఆయన దృష్టిలో వెలుతురు దండగ.

అంతటితో ఆగినా బాగుండేది. ఆగితే ఆయన అధికారి ఎందుకవుతారు? సెలవు నుంచి రాగానే సర్కులర్ వేశారు.

‘ఇందుమూలముగా డివిజనులోని యావన్మంది సిబ్బందికి తెలియజేయడమేమనగా, క్షేత్రస్థాయి నుండి వచ్చుచున్న ఛాయాచిత్రములు కూర్పు దృష్ట్యా మిక్కిలి శోచనీయముగా ఉన్నవి. ఇకపై ప్రతి చిత్రమునందును ముఖ్యాంశము నడుమ గాక, మూడో వంతు గీతపై నిలువవలెను. ముందుభాగమున ఆసక్తికరమైన వస్తువు ఉండవలెను. చూపును లోనికి నడిపించు గీత ఒకటి ఉండవలెను. దిగంతరేఖ వాలరాదు. ఆకాశము బోసిగా ఉండరాదు. కూర్పు లేని నష్టము నష్టముగా పరిగణింపబడదు.’

ఉత్తర్వు అమలు కావాలంటే ఒక విభాగం ఉండాలి కాబట్టి కూర్పు పరిశీలనా విభాగం పుట్టింది. మట్టి పరీక్షల ల్యాబులో ఏ గొడవా లేకుండా మట్టి పిసుక్కుంటున్న తటవర్తి కామేశంగారిని తెచ్చి దానికి అధికారిని చేశారు. పాపం ఆయనకి ఫోటోలంటే ఇష్టమూ లేదు, అయిష్టమూ లేదు. పారదర్శకంగా ఉన్న ఒక ప్లాస్టిక్ కాగితం మీద, ఫోటో మూడేసి వంతులయ్యేలా అడ్డంగా రెండు, నిలువుగా రెండు గీతలు గీయించుకున్నారు. వచ్చిన ప్రతి ఫోటో మీదా దాన్ని పరిచి, గీత మీద ఏముందో చూసి, తీర్పు చెప్పేవారు.

సర్కులర్ సిరా ఆరకముందే ఊటగరువు కాలువకి గండి పడింది. రెండో పంట దాళ్వాకి ఆఖరి తడికని నీళ్లు నిండుగా వదిలారు, మెత్తబడ్డ గట్టు ఒకచోట జారిపోయింది. ఆ పంటకి పెద్ద నష్టం జరగలేదు. కానీ వేసవిలో కాలువలు కట్టేసి, మళ్లీ తొలకరి పంట సార్వాకి నీళ్లు వదిలేలోపు ఆ గండి పూడకపోతే వదిలిన నీళ్లన్నీ అందులోంచి పక్కనున్న మురుగుకాలువలోకి, అక్కణ్ణించి సముద్రంలోకి పోతాయి. గండికి దిగువనున్న శివారు పొలాలకి చుక్క అందదు, నారుమళ్లు నెర్రెలిస్తాయి. మంగతాయారుకి అదే బెంగ. వెంటనే వెళ్లి గండిని నడిమధ్యన పెట్టి ఫోటో తీసి, మరమ్మతు అంచనాతో పాటు పంపింది.

ఫోటో తిరిగొచ్చింది. ఆవిడ డివిజను ఆఫీసుకి వెళ్లి కామేశంగారి ముందు కూర్చుంది.

“మీ గండి నడిమధ్యన ఉందమ్మా” అన్నారాయన, రోగికి జబ్బు పేరు చెప్పినట్టు.

“గండి పడ్డచోటే ఉందండి.”

“అది క్షేత్రంలో. క్షేత్రం నా పరిధిలోకి రాదు. చట్రంలో గండి కుడివైపు గీత మీదికి జరగాలి. జరిపి తిరిగి సమర్పించండి.”

“అలా తీస్తే ఎడమవైపంతా ఖాళీ ఉంటుంది కదండీ.”

“ఖాళీ ఎందుకుంటుంది? ముందుభాగ వస్తువు పెట్టమన్నాం కదా” అని ఆయన సర్కులర్లో ఆ వాక్యం కింద వేలు పెట్టి చూపించారు.

గట్టు మీద ఆసక్తికరమైన వస్తువంటూ ఏదీ లేదు. ఉన్నదల్లా గంగరాజు గేదె. పంపన గంగరాజు నీటి సంఘం అధ్యక్షుడు. ఆయన పొలం గండికి సరిగ్గా దిగువనే ఉంది కనక మంగతాయారు స్కూటీ చప్పుడు వినబడితే చాలు గట్టెక్కి నిలబడేవాడు. సంగతంతా విని ఆయన నవ్వలేదు. గవర్నమెంటు విషయాల్లో తొందరపడి నవ్వకూడదని ఆయనకి అనుభవం.

“గేదె ఉంటే గండి పూడుత్తారాండి?”

“గేదె ఉంటే ఫోటో ఒప్పుకుంటారు. ఫోటో ఒప్పుకుంటే పూడుస్తారు.”

“ఆయ్, అలాగైతే తోలుకొత్తానండి. దాందేముంది.”

గేదెని తెచ్చి నిలబెట్టారు. ఫోటో వెళ్లింది, వచ్చింది. ‘ముందుభాగ వస్తువు పృష్ఠభాగమును ప్రదర్శించుచున్నది. కార్యాలయమునకు అగౌరవము.’ గేదెని తిప్పి మళ్లీ తీశారు. ‘గేదె చట్రము వెలుపలికి చూచుచున్నది. దానితో పాటు పరిశీలకుని చూపు కూడ వెలుపలికి పోవును. గేదె గండి వైపు చూడవలెను.’

“గేదె గండిలోకి ఎందుకు చూత్తాదండి మేడంగారూ? అందులో గడ్డేవన్నా ఉందా?” అన్నాడు గంగరాజు. అన్నాక తనే వెళ్లి ఒక పచ్చగడ్డి మోపు తెచ్చి గండి అంచున పడేశాడు. గేదె చూసింది. శాఖలో చెప్పగానే పని చేసినది అదొక్కటే.

ఈసారి కామేశంగారు దిగంతరేఖ వాలిందన్నారు.

“వాలింది గట్టండి” అంది మంగతాయారు. “కుంగిపోయింది. అదే కదండీ నష్టం.”

“నష్టం వాలొచ్చమ్మా. ఫోటో వాలకూడదు.”

గట్టు సమంగా కనబడేలా ఫోన్ని వంచి తీస్తే నీళ్లు వాలాయి. నీళ్లు సరిచేస్తే కొబ్బరిచెట్లు వాలాయి. కొబ్బరిచెట్లు ఆ పక్కన ఎప్పుడూ వాలే ఉంటాయని రాతపూర్వకంగా ఒప్పించేసరికి, వెనకనున్న కరెంటు స్తంభం గేదె నెత్తిమీంచి మొలిచినట్టుందని కొత్త అభ్యంతరం వచ్చింది. స్తంభాన్ని తగురీతిన జరుపవలసిందని కామేశంగారు విద్యుత్ శాఖకి లేఖ రాశారు. స్తంభాన్ని జరపడం కన్నా గేదెని జరపడం సులువని వాళ్లు జవాబు రాశారు. ఆ శాఖలో ఒక తెలివైనవాడు ఉన్నాడని మంగతాయారుకి ఆరోజే తెలిసింది.

ఇలాంటి తిప్పలు ఒక్క ఊటగరువువి కావు. బీటలు పడ్డ తూములూ, ఊడిపోయిన మెట్లూ డివిజనంతటా కూర్పు కుదరక పడి ఉన్నాయి. అంచేత విరూపాక్షంగారు ఏఈలందరినీ మీటింగు హాల్లో కూర్చోబెట్టి, తెర మీద కొండలూ లోయలూ చూపిస్తూ స్వయంగా పాఠం చెప్పారు.

“గండి ఎక్కడుందన్నది కాదు ప్రశ్న. ఆ గండి మన కంటిని ఎక్కడికి తీసుకెళుతోంది? అదీ ప్రశ్న. ఏమ్మా మంగతాయారూ, మీ గండి మన కంటిని ఎక్కడికి తీసుకెళుతోంది?”

శివారు రైతు నోట్లో మట్టి కొట్టేచోటికి సార్, అని నాలిక చివరిదాకా వచ్చింది. “ఇంకా కుదరలేదు సార్. ప్రయత్నిస్తున్నాను” అంది.

“ప్రయత్నించాలి. ఊరికే చూడకూడదు, ఆగి చూడాలి. వంగి చూడాలి. నాలుగడుగులు పక్కకి జరిగి చూడాలి. మనం మొదట నిలబడ్డ చోటు ఎప్పుడూ మంచి చోటు కాదు.”

తమాషా ఏమిటంటే, ఆ మాటలో తప్పేమీ లేదు. ఆయన చెప్పిన వాటిల్లో దేన్లోనూ తప్పు లేదు, గండికి చెప్పడంలోనే ఉంది. మంగతాయారు ఏ పని చేసినా మనసు పెట్టి చేసే మనిషి. వంగి చూడడం మొదలుపెట్టింది. పక్కకి జరిగి చూసింది. కాలువ వంపు, దాని వెంట పోయే చూపు, పొద్దున్నే గట్టు మీద పడే ఏటవాలు వెలుతురు ఇవన్నీ ఇన్నాళ్లూ తన ఎదురుగానే ఉండి తనకి కనబడలేదని తెలిసి ఆశ్చర్యపోయింది. ఇంట్లో కంచంలో పప్పు నడిమధ్యన వేస్తే తనే ఒక పక్కకి లాక్కుని, ఆవకాయ ముక్కని ఎదర పెట్టుకునేది. “అన్నం తింటున్నావా, అంచనా వేస్తున్నావా?” అని మొగుడు మోహనకృష్ణ అడిగితే, “నువ్వు కొంచెం ఎడమకి జరుగు, నీ వెనకాల ఫ్యాను నెత్తిలోంచి వస్తోంది” అంది. ఆయన జరిగి కూర్చున్నాడు.

చివరికి కుదిరింది. ఒక తెల్లవారుజామున ఆవిడ గట్టు కిందికి దిగి, తడి మట్టిలో మోకాళ్ల మీద కూచుంది. గండిలో నిలిచిన నీళ్లలో ఆకాశం ఎర్రగా దిగింది. ఎడమవైపు గేదె గడ్డి మేస్తూ గండి వైపే చూస్తోంది. కాలువ వంపు తిరిగి కొబ్బరితోటల్లోకి పోతోంది. అంతలో ఎక్కణ్ణించో నాలుగు కొంగలు లేచి, బోసిగా ఉన్న ఆకాశాన్ని నింపాయి. మంగతాయారు నొక్కింది. ఫోటో చూసుకుని, ఇంత అందమైన గండి తన సెక్షనులో ఉన్నందుకు ఒక్క క్షణం గర్వపడింది కూడా. ఆ క్షణానికి తర్వాత చాలారోజులు సిగ్గుపడింది.

కామేశంగారు ప్లాస్టిక్ కాగితం పరిచారు. గండి కుడి గీత మీద ఉంది. గేదె కన్ను ఎడమ గీత మీద ఉంది. కొంగలు పైగీత పట్టుకుని పోతున్నాయి. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని, ఫోటో పట్టుకుని పరుగులాంటి నడకతో ఈఈగారి గదిలోకి వెళ్లారు. విరూపాక్షంగారు చాలాసేపు చూశారు. దాన్ని పెద్దది చేయించి తన కుర్చీ వెనక తగిలించారు. మంగతాయారుకి ప్రశంసాపత్రం ఇచ్చారు. ఫోటో ఆమోదం పొంది అంచనాల విభాగానికి వెళ్లింది. గంగరాజు ఊళ్లో అందరికీ తన గేదె పాసయిందని చెప్పుకున్నాడు.

అంచనాల విభాగం నుంచి జవాబొచ్చింది.

‘చిత్రమును పరిశీలించడమైనది. దృశ్యము మిక్కిలి ప్రశాంతముగా ఉన్నది. నష్టము ఎచ్చటను కానవచ్చుట లేదు. గేదె సైతము తృప్తిగా మేయుచున్నది. కావున మరమ్మతు అవసరము లేదు.’

అప్పటికే సార్వాకి నీళ్లు వదిలే తేదీ పేపర్లో వచ్చేసింది. మంగతాయారు తిన్నగా ఈఈగారి గదికి వెళ్లింది.

“సార్, అది గండి సార్. పూడ్చాలి.”

“పూడ్చడమా?” ఆయన తన వెనకనున్న ఫోటో వైపు ఒకసారి తిరిగి చూసుకున్నారు. “దీన్నా? అమ్మా, నువ్వు దీన్ని దర్శనీయ స్థలంగా ప్రకటించమని నేను పైకి ప్రతిపాదన పంపాను. నువ్వు మోకాళ్ల మీద కూర్చున్నచోట సిమెంటు బెంచీ వేయిస్తున్నాం. ఎవరొచ్చి కూచున్నా ఇదే కూర్పు రావాలి.”

“నీళ్లొదిలితే మొత్తం దాంట్లోంచి పోతాయి సార్.”

“పోనీ. ఇంకా బాగుంటుంది. జలపాతం అవుతుంది. కెమెరా కన్ను నిదానంగా మూసుకునేలా తీస్తే పాలధారలా వస్తుంది” అన్నారాయన. ఆ మాట అంటున్నప్పుడు ఆయన ముఖంలో చిన్నపిల్లాడి సంతోషం కనబడింది. లంచం అడిగేవాణ్ణి తిట్టుకోవచ్చు, బెదిరించేవాడి మీద ఫిర్యాదు చెయ్యొచ్చు. సంతోషంగా ఉన్నవాణ్ణి ఏం చేస్తాం? మంగతాయారు నమస్కారం పెట్టి బయటికొచ్చింది.

గట్టు మీద గంగరాజు కాచుకుని ఉన్నాడు.

“ఏవన్నారండి?”

“బాగుందన్నారు.”

“ఏంటండి బాగుంది?”

“గండి.”

గంగరాజు కాసేపు గండిని చూశాడు. ఆయనకి ఎటు నించి చూసినా గండిలాగే కనబడింది. “మేడంగారండి, నారుమళ్లు దున్నేసేమండి. విత్తనాలు నానబెట్టమంటారా, వద్దంటారా? అదొక్కటీ చెప్పండి. మాకు మరింకేం అక్కర్లేదు.”

ఇన్నాళ్ల ఉద్యోగంలో మంగతాయారుని ఇంత సూటిగా అడిగినవాళ్లు లేరు. వద్దంటే ఏ గొడవా లేదు. ప్రశంసాపత్రం ఉంటుంది, బెంచీ ఉంటుంది, పైనుంచి వచ్చినవాళ్లకి చూపించడానికి జలపాతం ఉంటుంది. శివారు చేలలో మాత్రం నారు ఉండదు. ఆవిడకి భయం వేసింది. భయపడుతూనే చెప్పింది.

“నానబెట్టండి.”

మర్నాడు వరదల కోసం అట్టేపెట్టిన ఇసుక బస్తాలన్నీ సెక్షను షెడ్డులోంచి బయటికొచ్చాయి. ఊళ్లోంచి ట్రాక్టర్లు బంకమట్టి తెచ్చాయి. సరుగుడు కర్రలు దిగేసి, బస్తాలు పేర్చి, మట్టి పోసి, పొర పొరకీ తడిపి దిమ్మిస కొట్టారు. మంగతాయారు చీరకుచ్చిళ్లు ఎగదోపుకుని, పక్కకి జరక్కుండా, వంగి చూడకుండా, తిన్నగా నిలబడి పని చేయించింది. సాయంత్రానికి అక్కడ గట్టు తప్ప మరేం లేదు.

మెమో రావడం ఆలస్యం కాలేదు. ‘కార్యాలయముచే ఆమోదింపబడిన కూర్పును అనుమతి లేక పూడ్చివేసినందున మీపై క్రమశిక్షణా చర్య ఏల తీసుకొనరాదో సంజాయిషీ ఇవ్వవలెను. ఏమైనను పని పూర్తియైనట్లు అదే స్థలము నుండి, అదే గేదెతో ఛాయాచిత్రము సమర్పించవలెను.’ ఆవిడ ఫోటో సమర్పించింది. కామేశంగారు గీతల కాగితం పరిచి, తిప్పి, మళ్లీ పరిచి, ‘ముఖ్యాంశము కానరాదు’ అని రాసి ఈఈగారికి పంపారు. విరూపాక్షంగారు సంగతేమిటో తేల్చడానికి స్వయంగా బయల్దేరారు.

ఆయన జీపు దిగేసరికి కాలువకి నీళ్లొచ్చి ఉన్నాయి. కామేశంగారు కెమెరా స్టాండు మోసుకొచ్చి సిమెంటు బెంచీ పక్కన నిలబెట్టారు. ఈఈగారు కెమెరాకి కన్ను ఆనించారు. ఎడమకి జరిపారు, కుడికి జరిపారు, వంగారు, మోకాళ్ల మీద కూచున్నారు. ఎటు చూసినా తిన్నటి గట్టు, దాన్నొరుసుకుని చప్పుడు లేకుండా శివారు వైపు పోతున్న నీళ్లు. గడ్డి లేకపోవడంతో గేదె కూడా ఎటో పోయింది. కొంగలు లేవు. కామేశంగారు తన ప్లాస్టిక్ కాగితాన్ని రెండు చేతులా పైకెత్తి పట్టుకుని, అందులోంచి పొలాలన్నీ గాలించారు. ఏ గీత మీదా ఏమీ దొరకలేదు.

“ఇక్కడ ఏమీ లేదే” అన్నారు విరూపాక్షంగారు, నిజంగా బాధపడుతూ.

“ఆయ్, లేదండి” అన్నాడు గంగరాజు. “ఏవీ లేకుండా చెయ్యడానికే కదండి, మేడంగారూ మేవూ ఇంత మట్టి మోసింది.”

మంగతాయారు తన ఉద్యోగం ఆ మాటతో ఊడిందనుకుంది. విరూపాక్షంగారు కెమెరా వదిలేసి వట్టి కళ్లతో గట్టు వైపు చాలాసేపు చూశారు. “ఏమీ లేకుండా...” అని తనలో తనే రెండుసార్లు అనుకున్నారు. ఆ అనుకోవడంలో ఆయన గొంతు మారింది. కొండ దిగి వచ్చినప్పుడు ఎలా మారిందో అలాగే మారిందని కామేశంగారు తర్వాత చెప్పారు. జీపెక్కి వెళ్లిపోయారు.

పిచ్చి కుదిరింది, రోకలి తలకి చుట్టమన్నాడట వెనకటికొకడు. సోమవారం కొత్త సర్కులర్ వచ్చింది. ‘ఇకపై క్షేత్రస్థాయి ఛాయాచిత్రములయందు ఏమియు ఉండరాదు. శూన్యమే ఉత్తమమైన కూర్పు. గేదెలు, పక్షులు, స్తంభములు, నష్టములు తదితరములు కనబడిన యెడల చిత్రము తిరస్కరింపబడును.’ అందుకు ఆదర్శంగా ఊటగరువు గట్టు ఫోటోని జతపరిచారు. మంగతాయారు మీది మెమో ఎవరూ ఎత్తకుండానే మాయమైంది. ఆ ఉత్తర్వుకి తగ్గట్టు కామేశంగారి కాగితం మీది గీతలు చెరిపేశారు. ఆయన ఇప్పుడు ఫోటో మీద వట్టి ప్లాస్టిక్ కాగితం పరిచి, గీతలున్నప్పుడు చూసినంత శ్రద్ధగానూ చూస్తున్నారు.

ఆ వారంలోనే పక్క సెక్షను ఏఈ వెంకటాద్రి ఫోను చేశాడు. అతని కాలువ మీది లాకు తలుపు కారుతోంది. మంగతాయారు అప్పుడు శివారులో, వేలెడెత్తు పచ్చటి నారుమడి గట్టు మీద ఉంది.

“మేడం, మీరు సీనియరు, మీరే చెప్పాలి. ఫోటోలో నష్టం కనబడకూడదంట. నష్టం కనబడకపోతే మరమ్మతుకి ఒప్పుకోరు. కారుతున్న లాకుని ఏమీ లేనట్టు ఎలా తియ్యాలండి?”

“ముందు కారడం ఆపండి. ఫోటో దానంతటదే వస్తుంది.”

“మంజూరు కాకుండా ముందు పని చేసేస్తే రూల్సు ఒప్పుకుంటాయా?”

“ఒప్పుకోవు” అంది మంగతాయారు. “కానీ పట్టుకోలేవు. ఫోటోలో ఏమీ ఉండదు కదా.”